పిలవడానికి పెట్టిన పేరు

ధర్మవరంలోని ఆ మగ్గాల వీధిలో అందరూ రాధకు కాస్త చెవుడు అనుకునేవారు. వెనక నుంచి పిలిస్తే పలికేది కాదు. కొళాయి దగ్గర ఎవరైనా "రాధా, బిందె నిండింది సూడు" అంటే ఆ పిలుపు వేరెవరికో అన్నట్టు నిలబడి, తర్వాత ఉలిక్కిపడి పరుగెత్తేది. ఇంటి యజమానురాలు కన్యకమ్మ జాలిపడి, వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవుల్లో పోసుకోమని గిన్నెలో తెచ్చి ఇచ్చింది. రాధ పోసుకుంది కూడా. చెవులు బాగానే ఉన్నాయని చెబితే, పలకకపోవడానికి ఇంకో కారణం చెప్పాల్సి వస్తుంది.

కారణం ఒక్కటే. ఆమె పేరు రాధ కాదు. ఎస్తేరు.

ఎస్తేరుది పెనుకొండ దగ్గర పల్లె. తండ్రి చిన్నప్ప కూలి పనులకు పోయేవాడు. పాస్టరు రాని ఆదివారాల్లో పల్లెలోని చిన్న మందిరంలో వాక్యం చదివేది కూడా ఆయనే. తల్లి చిన్నప్పుడే పోతే, ఎస్తేరును అవ్వ కదిరమ్మ పెంచింది. ఇంటర్ తప్పాక ఎస్తేరు హిందూపురంలో పట్టు తీసే కార్ఖానాలో చేరింది. రోజంతా మరిగే నీళ్ల ముందు కూర్చుని గూళ్ల నుంచి దారం లాగాలి. ఆ ఉడికిన పురుగుల వాసన తలకు పోసుకున్నా పోయేది కాదు. ధర్మవరంలో ఒక శెట్టి మగ్గాలకు దారం కొనడానికి వచ్చే నాగేంద్రకు మాత్రం ఆ వాసన అడ్డం కాలేదు. అతనిది చెన్నేకొత్తపల్లి వైపు ఊరు, మగ్గం నేసే ఇల్లు. కార్ఖానా గేటు దగ్గర మొదలైన మాటలు, హిందూపురం బస్టాండులో పెరిగి, తొంభై ఆరులో రిజిస్టరాఫీసు దాకా వచ్చాయి. నాగేంద్ర తల్లిదండ్రులు గడప తొక్కొద్దన్నారు. చిన్నప్ప మాత్రం ఉతికిన పంచె కట్టుకుని వచ్చి, ఇద్దరి తలల మీదా చెయ్యి పెట్టి, ఏదో గొణిగి, మధ్యాహ్నం రైలుకు వెళ్లిపోయాడు.

ధర్మవరంలో ఇల్లు దొరకడం కష్టమైంది. ప్రతి గుమ్మంలోనూ ముందు నాగేంద్ర పేరు అడిగేవాళ్లు, తర్వాత ఆమె పేరు అడిగేవాళ్లు. ఆ రెండో పేరు వినగానే ఇల్లు అప్పటికే ఎవరికో ఇచ్చేసి ఉండేవాళ్లు. ఒక సాయంత్రం రోడ్డు పక్కన టీ తాగుతూ నాగేంద్ర అన్నాడు.

"నీ పేరు రాధ అని చెప్దామా?"

ఆమె నవ్వింది. "ఎన్నాళ్లు?"

"ఇల్లు దొరికేదాకా."

చీర మార్చుకున్నట్టే కదా అనుకుంది. మరుసటి రోజే కన్యకమ్మ వెనక వాటా ఇచ్చింది. ఇల్లు దొరికింది. పేరు మాత్రం వెనక్కి రాలేదు.

కన్యకమ్మ మంచి మనిషి. ఇంటి ముందు భాగంలో కిరాణా అంగడి. భర్త తిమ్మయ్య ఎప్పుడూ మండీలోనే ఉంటాడు కాబట్టి అంగడి ఆమే చూసుకునేది. కొడుకులిద్దరూ బళ్లారిలో స్థిరపడ్డారు. మాట్లాడటానికి మనిషి కావాలి ఆమెకు. రాధ వచ్చాక ఆ కొరత తీరింది. వంటింట్లోకి పిలిచి ముందర కూర్చోబెట్టుకుని అన్నం పెట్టేది. తను తాగిన చెంబుతోనే నీళ్లు ఇచ్చేది. శుక్రవారం తలుపు తట్టి బొట్టు పెట్టేది.

"నా పేరు మా కులదేవతది తెలుసా?" అనేది. "రాజు బలవంతంగా పెండ్లి చేసుకుంటానంటే, కాదని అగ్గిలోకి నడిచిపోయిన తల్లి. ఈ పేరు పెట్టుకున్నోళ్లు అబద్ధం ఆడకూడదని మా అవ్వ చెప్తాండె. అంగట్లో కూచుంటే కుదురుతాదా చెప్పు!" అని పొట్ట పట్టుకుని నవ్వేది. తర్వాత అడిగేది, "నీకు రాధ అని ఎవరు పెట్టినారే?"

"మా అవ్వ," అనేది ఎస్తేరు. పేరు పెట్టింది అవ్వే, అది నిజమే. కానీ ఆ జవాబు చెప్పిన ప్రతిసారీ ఆమె లేచి ఏదో ఒక పని వెతుక్కునేది. ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చేది. ఆదివారం పొద్దున రైల్వే కాలనీ వైపు నుంచి చర్చి గంట వినిపిస్తే మరీ కుదురు ఉండేది కాదు. బట్టలు నానబెట్టి, వాటిని వదిలేసి గిన్నెలు తోమి, గిన్నెలు వదిలేసి గుమ్మంలో నిలబడేది. ఎవరు పిలిచినా అంతే. పలకకపోతే ఒక భయం, పలికితే ఒక భయం.

చిన్నప్పుడు నాయన చెప్పిన కథ ఆమెకు బాగా గుర్తు. ఎక్కడో పర్షియా దేశంలో తల్లీతండ్రీ లేని పిల్ల రాణి అయ్యింది. ఆమె అసలు పేరు హదస్సా. అది మంచి వాసన వచ్చే ఒక చెట్టు పేరు. కోటలోకి పోయాక ఎస్తేరు అయ్యింది. నీది ఏ జనమో ఎవరికీ చెప్పొద్దని పెంచిన పెద్దాయన చెప్పాడు. ఆమె చెప్పలేదు. ఆ జనాన్ని చంపేస్తారని తెలిసినప్పుడు మాత్రం, పిలవకుండా పోతే ప్రాణం పోతుందని తెలిసీ రాజు ముందుకు పోయి నిలబడి, వాళ్లు నావాళ్లు అని చెప్పింది. ఆ కథలో చిన్న ఎస్తేరుకు నచ్చింది కిరీటం ఒక్కటే.

"ఆ పేరుకు అర్థమేమి నాయనా?" అని అడిగింది ఒకసారి.

"చుక్క. నక్షత్రం. ఆ దేశపు మాటలో అట్లంట. ఇంకో పాస్టరయ్య చెప్పినాడు, వాళ్ల జనం మాటలో చూస్తే దాగినది అనిపిస్తాదంట."

"రెండిట్లో ఏది నిజం?"

చిన్నప్ప పైకి చూసి, "రెండూ అయ్యుంటాయిలే. పగలు చుక్క యాడికి పోతాది? ఆడనే ఉంటాది, కనపడదు అంతే," అన్నాడు.

ధర్మవరంలో పిండి కలుపుతూ, బట్టలు పిండుతూ, ఆమె ఆ రెండో అర్థాన్నే మళ్లీ మళ్లీ తలుచుకునేది.

తొంభై తొమ్మిది వేసవిలో పాప పుట్టింది. కన్యకమ్మ తన కొడుకులు పడుకున్న ఉయ్యాల అటక మీద నుంచి దించి కడిగించింది. వచ్చే శుక్రవారం వీధి అందరినీ పిలిచి పేరు పెడదామంది. నవీన అనే పేరు ఆమే చెప్పింది. నాగేంద్రకూ నచ్చింది. ఎస్తేరు ఊ అంది. కానీ పాలిస్తూ పాప ముఖం చూసినప్పుడల్లా ఆమెకు ఒకటే ప్రశ్న. ఈ పిల్ల ఎవరికి పుట్టినట్టు? రాధకా, తనకా? రేపు మాటలు వచ్చాక అమ్మ పేరేమని అడిగితే ఏమని చెబుతుంది?

ఆ పండగకు ఇంకా కొన్ని రోజులుండగా, మంచి ఎండ వేళ, ఎస్తేరు అంగడి లోపల కూర్చుని బొరుగుల పొట్లాలు కడుతోంది. పాప బియ్యం మూటల పక్కన చాప మీద నిద్రపోతోంది. కన్యకమ్మ గల్లాపెట్టె ముందు విసనకర్రతో విసురుకుంటోంది. బయట ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. తల మీద తువాలు, భుజాన గుడ్డ సంచి.

"అమ్మా, ఎస్తేరు ఇల్లు యాడ? ఈ వీధే అని చెప్పినారు."

ఆ గొంతు వినగానే ఎస్తేరు చేతిలో దారం తెగింది. ఆమె తల ఎత్తలేదు. పెళ్లయ్యాక ఆమే రెండు సార్లు పల్లెకు పోయి వచ్చింది కానీ, నాయన ఎప్పుడూ ఇక్కడికి రాలేదు. పేరు మారిన సంగతి ఆయనకు తెలియదు.

"ఎస్తేరా?" అంది కన్యకమ్మ. "అట్లాంటి పేరోళ్లు ఈ వీధిలో ఎవురూ లేరప్పా. ఈడ అంతా నేసేటోళ్లు."

"అల్లుడు నేసేటోడేనమ్మా. వాని పేరు..." అంటూ చిన్నప్ప లోపలికి చూశాడు.

చూసి ఆగిపోయాడు. బొట్టు పెట్టుకుని, తల వంచుకుని, తెగిన దారం పట్టుకుని కూర్చున్న కూతురు. ఆయన నోరు తెరుచుకునే ఉంది.

"పేరేమప్పా?" అంది కన్యకమ్మ.

"మర్చిపోయినా తల్లీ," అన్నాడు చిన్నప్ప మెల్లగా. "వీధి తప్పొచ్చినట్టుండాను."

కన్యకమ్మకు జాలేసింది. "ఎంత దూరం నుంచి నడిచొచ్చినావో ఏమో. నీళ్లు తాగి పో. రాధా, ఆ చెంబు తీసుకో." ఆమె మామూలుగానే, కసురుకోకుండా, గొంతు మాత్రం తగ్గించి అంది, "ఎత్తి పొయ్యి."

ఎస్తేరు లేచింది. రోజూ తను నోటికి ఆనించుకుని తాగే ఇత్తడి చెంబు అది. గుమ్మం దాకా వచ్చింది. చిన్నప్ప అప్పటికే వంగి, రెండు చేతులూ దోసిలిగా నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఆయనకు ఇది కొత్త కాదు. ఆమె పోసింది. ధార తప్పి నీళ్లు ఆయన చొక్కా మీద, కాళ్ల మీద పడ్డాయి. ఆయన కళ్లు ఎత్తకుండా, కూతురి పాదాలు చూస్తూ తాగాడు. చాలు అని తల ఊపాడు.

లోపల పాప ఏడ్చింది. చిన్నప్ప తల తిప్పాడు.

"పాప ఎవురిదమ్మా?" అని కన్యకమ్మను అడిగాడు.

"మా రాధది. శుక్రవారం పేరు పెడతాండాం. నవీన అని."

"బాగుండాది పేరు," అన్నాడాయన. సంచి తెరిచి, వేయించిన చెనిక్కాయలు దోసిలితో తీసి అరుగు మీద పోశాడు. "బాలింతకు మంచివి. మా ఊరి చేన్లో కాసినవే." ఆ మాట అని, తువాలు తల మీద సర్దుకుని, వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.

ఎస్తేరు కాసేపు అంగట్లోనే అటూ ఇటూ తిరిగింది. చెంబు ఒక చోట పెట్టింది, తీసి ఇంకో చోట పెట్టింది. తర్వాత పాపను ఎత్తుకుని కొంగు కప్పింది.

"యాడికే, ఈ ఎండలో?" అంది కన్యకమ్మ.

"ఇప్పుడే వస్తానత్తా."

వీధి మలుపు తిరిగాక గానీ కాళ్లకు చెప్పులు లేవని తెలియలేదు. తారు కాలుతుంటే నీడ ఉన్న పక్కకూ, లేని పక్కకూ మారుతూ స్టేషనుకు పరుగెత్తింది. చిన్నప్ప ప్లాట్‌ఫారం చివర వేపచెట్టు కింద బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి కంగారుగా లేచాడు.

"ఏంటికొచ్చినావమ్మా? ఎవురన్నా చూస్తారు."

"చూడనీ." ఆమె కూర్చుంది, మళ్లీ లేచింది. "నన్ను చూసి ఏంటికి చెప్పలేదు నాయనా? ఇది నా కూతురని ఒక మాట అనింటే అయిపోయేది గదా!"

"నువ్వు చెప్పకుండా నేనెట్ల చెప్పేది? పేరు నీది."

ఆ మాటతో ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది. చిన్నప్ప పాపను తీసుకున్నాడు. ముతక వేళ్లతో పాప నుదురు తడిమాడు. పాప ఆయన చొక్కా గుండీ పట్టుకుంది.

"ఏంటికి పెట్టినారు నాకు ఈ పేరు?" అంది ఎస్తేరు. "లచ్చిమి, రాణి, ఏదో ఒకటి పెట్టింటే నాకు ఈ బాధ ఉండేది కాదు గదా. మందిరానికి పొయ్యేటోళ్లలో మామూలు పేర్లున్నోళ్లు ఎంతమంది లేరు!"

"నేను పెట్టలేదు. మీ అవ్వ పెట్టింది."

"అవ్వకు చదువు లేదు. ఆ రాణి కత అంత ఇష్టమా?"

"కతకు కాదు. అది ఆమె పేరే."

ఎస్తేరుకు అర్థం కాలేదు. చిన్నప్ప పట్టాల వైపు చూస్తూ చెప్పాడు.

"మీ అవ్వ పెండ్లికి ముందే బాప్తిస్మం తీసుకునింది. అప్పుడు పెట్టిన పేరు ఎస్తేరు. కదిరమ్మ అనేది పుట్టినప్పటిది. కొత్త పేరు అంటే ఆమెకు శానా సంతోషం. చేన్లో తోటి ఆడోళ్లకు చెప్పి పిలిపించుకునింది. ఒకరోజు చెనిక్కాయ పెరుకుతాంటే ఎవురో ఎస్తేరూ అని కేకేసినారు. ఆ చేను మేస్త్రీ విన్నాడు. ఏమి పేరే అది, మళ్లీ చెప్పు అన్నాడు. చెప్పింది. అట్లే గట్టు మీద నిలబెట్టి, రాణి పేరంట, రాణి చెనిక్కాయ పెరుకుతాదంట అని, చేను చేనంతా వినేటట్టు చెప్పించినాడు. నవ్వినోళ్లు నవ్వినారు. మనోళ్లు తలకాయలు దించుకున్నారు. ఆ పొద్దు నుంచి ఆమె ఆ పేరు వదిలేసింది. మందిరంలో కూడా కదిరమ్మా అనే పిలవమనింది. నాకే పెద్దయినాక తెలిసింది."

రైలు వస్తోందని గంట కొట్టారు. ఆయన లేవలేదు.

"నువ్వు పుట్టినప్పుడు నిన్ను చేతికిస్తే, ఇది ఎస్తేరు అనింది. నేను వద్దన్నా. నీకు జరిగింది దీనికీ జరగల్లా అని అడిగినా. నేను మొయ్యలేకపోతి, ఇది మోస్తాదిలే అనింది. గుర్తుందా, పొద్దుగూకితే మన వీధి చివర నిలబడి నిన్ను ఎట్ల పిలుస్తాండె?"

ఎందుకు గుర్తుండదు? అన్నానికి రావే ఎస్తేరూ అని, పెద్ద కులాల వీధి దాకా వినబడేలా అవ్వ వేసే కేక. తోటి పిల్లలు వెక్కిరించేవాళ్లు. పక్కనే ఆడుకుంటున్నా అంతే గట్టిగా అరిచేది. అరవొద్దని ఎస్తేరు కాళ్లు నేలకేసి కొట్టేది. అవ్వకు చాదస్తం అనుకునేది.

"ఆ పిలుపు నీకోసం కాదు," అన్నాడు చిన్నప్ప. "ఆడ వినేటోళ్ల కోసం."

ప్యాసింజరు వచ్చి ఆగింది. ఆయన పాపను తిరిగి ఇచ్చాడు. ఎస్తేరు ఆయనతో పాటు పెట్టె మెట్టు దాకా వచ్చి, ఒక కాలు మెట్టు మీద పెట్టింది.

"నేనూ వస్తా నాయనా."

"వద్దు. ఇల్లు విడిచి రావద్దు. పోయి చెప్పమని కూడా నేను అనడంలేదు. చెప్తే ఇల్లు పోతాది, నాగేంద్ర పని పోతాది. ఇద్దరూ ఆలోచించుకోండి. నాకు మాత్రం ఏమీ బాధ లేదు." కానీ ఆయన కిటికీ దగ్గర కూర్చున్నాక ముఖం తువాలులో దాచుకోవడం ఆమె చూసింది.

ఇంటికి పోయి నాగేంద్రతో మాట్లాడి, తర్వాత చెబుదామని ఆమె దారిలో అనుకుంది. అంగడి దగ్గరికి వచ్చేసరికి కన్యకమ్మ అరుగు మీద పోసిన చెనిక్కాయల్ని చేటలోకి ఎత్తుతోంది.

"వచ్చినావా? కాళ్లు సూడు, ఎట్ల బొబ్బలెక్కినాయో. ఎవురో ఏమో పాపం ముసలాయన, ఇన్ని పోసిపోయినాడు. తీసుకో, నీకేనంట గదా."

ఎస్తేరు గుమ్మం బయటే నిలబడింది.

"ఆయన మా నాయన అత్తా. ఎస్తేరు అంటే నేనే."

కన్యకమ్మకు మొదట మాట ఎక్కలేదు. నవ్వబోయింది. ఎస్తేరు ముఖం చూసి ఆగింది. చేట మెల్లగా కింద పెట్టింది.

"అంటే ఇన్నాళ్లూ నా వంటింట్లో..." అని ఆగి, వేరే మాట అందుకుంది. "ఏంటికే ఇట్ల చేసినావు? చెప్పుండకూడదా?"

"చెప్పుంటే ఇల్లు ఇచ్చిందువా?"

"ఇచ్చిందును కాదు," అంది కన్యకమ్మ. ఆ మాట చెప్పడానికి ఆమె ఆలోచించను కూడా లేదు. తర్వాత ఒక్కసారిగా ఆమె కళ్లు చెంబు మీదికి పోయాయి. ముఖం పాలిపోయింది. "నీ నాయన చేతుల్లో నీ చేతనే పోయించినానా? ఆపుండకూడదా నన్ను!"

కన్యకమ్మ లేచి లోపలికి పోయి తలుపు వేసుకుంది. అంగడి తెరిచి ఉండగా ఆమె లోపలికి పోవడం ఎస్తేరు ఎప్పుడూ చూడలేదు. ఎవరో పిల్ల వచ్చి చక్కెర అడిగితే, ఇవ్వాలో వద్దో తెలియక, ముట్టుకోవాలో వద్దో తెలియక, ఎస్తేరు అలాగే నిలబడిపోయింది.

నాగేంద్ర మగ్గం దిగి వచ్చేసరికి వీధిలో సగం మందికి తెలిసిపోయింది.

"అడిగినోడు లేడు, నిలదీసినోడు లేడు. నీ అంతట నువ్వే పోయి చెప్పినావా?" అన్నాడు. గొంతు పైకి లేవలేదు, అందుకే ఇంకా భయమేసింది. "మూడేండ్లు ఎంత జాగర్తగా ఉండాం! శెట్టి నన్ను మగ్గం ఎక్కనిస్తాడా ఇంగ?"

"నువ్వు రోజంతా మగ్గంలో ఉంటావు. నిన్ను నీ పేరుతోనే పిలుస్తారు. నేను ఈడ ఇంట్లో ఉండి ఎవురి మాదిరో బతకాల."

"కొన్నాళ్లు గదా అన్నా."

"మా నాయనకు ఎత్తి పోసినాను," అంది ఎస్తేరు. "కుక్కకు పోసినట్టు. నా చేత్తో."

నాగేంద్ర గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

ఉయ్యాల మళ్లీ అటక ఎక్కింది. తిమ్మయ్య మర్యాదగానే వచ్చి, బళ్లారి నుంచి కొడుకు వస్తున్నాడని, ఇల్లు కావాలని నాగేంద్రకు చెప్పాడు. కొళాయి దగ్గర ఎస్తేరు బిందె పెడితే, మిగతావాళ్లు తమ బిందెలు పక్కకు జరిపి మాట్లాడుకునేవాళ్లు. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండునని ఆమెకు అనిపించేది. సామాను కట్టే రోజు దాకా ఆమె గదిలో ఒక మూల నుంచి ఇంకో మూలకు నడుస్తూనే ఉంది.

మూటలు కడుతూ నాగేంద్ర అన్నాడు. "పాపకు రెండు పేర్లు పెడదాం. ఇంట్లో ఒకటి, బయట ఒకటి. మీ నాయన కూడా సంతోషపడతాడు."

"వద్దు. ఒకటే పేరు. ఇంట్లో ఏదో వీధిలోనూ అదే."

"ఎస్తేరు అంటావా?"

"అది నాది. దానికి నవీనే ఉండనీ. కన్యకమ్మత్త మంచి మనసుతోనే చెప్పింది ఆ పేరు."

వాళ్లు హిందూపురం వచ్చేశారు. ఈసారి ఇల్లు అడిగిన చోటల్లా ఎస్తేరే ముందుగా తన పేరు చెప్పింది. చాలా గుమ్మాలు మూసుకున్నాయి. చివరికి ఊరి చివర రేకుల ఇల్లు దొరికింది. ఆమె మళ్లీ మరిగే నీళ్ల ముందు కూర్చుంది. నాగేంద్ర మగ్గం వదిలి దారం వ్యాపారి దగ్గర చేరాడు. ఏడాది పాటు ఆమెతో అవసరానికే మాట్లాడాడు. మగ్గం చప్పుడు లేకుండా నిద్ర పట్టడం లేదని ఎవరితోనో అంటుంటే ఆమె విన్నది. నేను చెప్పకుండా ఉండాల్సిందా అని ఎన్నోసార్లు తనను తాను ప్రశ్నించుకుంది. ప్రతిసారీ వేరే జవాబు వచ్చేది. ఒక వానరోజు, సంతలో జనం మధ్య, నాగేంద్ర చిరాకుగా అరిచాడు. "ఎస్తేరూ! గొడుగు యాడ పెట్టినావే?" పక్కనున్నవాళ్లు తిరిగి చూశారు. అతను చూసుకోలేదు. గొడుగు కోసమే వెతుకుతున్నాడు. ఆమె తడుస్తూ నిలబడి, అతన్ని ఇంకోసారి పిలవనిచ్చి, అప్పుడు పలికింది.

రెండువేల మూడులో, బంధువుల పెళ్లికి హిందూపురం వచ్చిన కన్యకమ్మ వెతుక్కుంటూ రేకుల ఇంటికి వచ్చింది. మనిషి సన్నబడింది. ఎస్తేరు వేసిన కుర్చీలో గుమ్మం బయటే కూర్చుని నవీనను దగ్గరికి పిలిచింది.

"నీ పేరు నేనే పెట్టినా తెలుసా?" అంది. తర్వాత తల్లి వైపు తిరిగింది. "రాధా... ఏమోనే, ఆ ఇంకో పేరు నా నోటికి రాలేదు ఇంకా. నీ నాయన ఎట్లుండాడు?"

"బాగుండాడు."

"చెంబుతో నీళ్లు తాగబోతే ఆయప్ప చేతులే గుర్తొస్తాయి. ఆయన కండ్లు ఎత్తి చూసి తిట్టినా బాగుండె." కొంగుతో ముఖం తుడుచుకుంది. "రేపు రైలుకు పోతాండా. దోవలోనే గదా పెనుకొండ. ఆయప్ప స్టేషనుకు వస్తాడా, ఒక మాట చెప్పిపోతా?"

"నేనూ, పాపా రేపు ఆడికే పోతాండాం," అంది ఎస్తేరు. "మాతో దిగి ఇంటికి రా అత్తా. రైల్లో నుంచి కాదు."

కన్యకమ్మ వస్తాననలేదు, రాననలేదు.

మరుసటి రోజు ముగ్గురూ ఒకే పెట్టెలో కూర్చున్నారు. కన్యకమ్మ దారంతా నవీనకు ఏవేవో చూపిస్తూ మాట్లాడింది. పెనుకొండ కొండ కనబడగానే మాటలు ఆపేసింది. చిన్నప్ప మనవరాలి కోసం ప్లాట్‌ఫారం మీద ఎదురుచూస్తున్నాడు. ఎస్తేరు సంచులు దించి, నవీనను దించి, వెనక్కి తిరిగి చెయ్యి చాపింది.

"దిగు అత్తా."

కన్యకమ్మ లేచింది. తలుపు దాకా వచ్చి, కమ్మీ పట్టుకుంది. కింద చిన్నప్ప ఆమెను గుర్తుపట్టి రెండు చేతులూ జోడించాడు. ఆమె కూడా జోడించింది. ఎక్కేవాళ్లు కింద నుంచి తోసుకొచ్చారు. ఆమె లోపలికి జరిగి, మళ్లీ కిటికీ దగ్గర కనబడి, పెళ్లి లడ్లు కట్టిన గుడ్డ మూట కమ్మీల మధ్య నుంచి ఇచ్చింది. చిన్నప్ప ముందుకొచ్చి అందుకున్నాడు. ఆమె వేళ్లు ఆయన చేతికి తగిలాయి. వెనక్కి లాక్కోలేదు.

"ఇంకోసారి వస్తాలేప్పా," అంది. రైలు కదిలింది.

ఎస్తేరుకు ఒళ్లు మండిపోయింది. "ఇంత దూరం వచ్చి, ఆ మెట్టు దిగలేకపోయింది!"

"నన్ను చూసింది గదమ్మా ఈసారి," అన్నాడు చిన్నప్ప.

"చూస్తే సరిపోతాదా?"

"సరిపోదు," అని ఆయన మూట విప్పి నవీనకు ఒక లడ్డు ఇచ్చాడు. ఒకటి తను కొరికాడు. ఇంకొకటి కూతురికి చాపాడు. ఆమె వద్దని తల ఊపి, సంచులు భుజాన వేసుకుని, గేటు దాటి పల్లె దారిలో విసవిసా నడవసాగింది.

"నిదానంగా పో ఎస్తేరూ," అన్నాడు వెనక నుంచి చిన్నప్ప. "నేనూ, పాపా అంత బిరీన రాలేము."

ఆమె ఆగింది. వాళ్లు వచ్చేదాకా దారి మధ్యలో నిలబడి, రైలు పోయిన వైపే చూస్తూ ఉంది.